స్టాద్ ద ఫ్రాన్స్‌లో ఎక్కడ కూర్చోవాలి? ఆడవాళ్ల పరుగు కోసం రెండుసార్లు వెళ్లి చూశాక

స్టేడియంలో పరుగు పందేనికి సీటు కొనేటప్పుడు అందరూ చూసుకునేది ఒక్కటే: ముగింపు గీత కనిపిస్తుందా లేదా అని. నేనూ అదే చూసుకున్నాను. 2024 ఆగస్టు 3న పారిస్ ఒలింపిక్స్‌లో, స్టాద్ ద ఫ్రాన్స్ స్టేడియంలో, మహిళల 100 మీటర్ల ఫైనల్ చూశాను. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 3న, అదే స్టేడియంలో పారాలింపిక్స్ మహిళల 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్న క్రీడాకారుల విభాగం) ఫైనల్ చూశాను. రెండుసార్లూ రెండు వేరు వేరు చోట్ల కూర్చున్నాను, రెండుసార్లూ ముగింపు గీతకు దూరంగానే. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముగింపు గీత సంగతి పక్కన పెట్టమనే చెబుతాను. ఎందుకో వివరంగా రాస్తున్నాను, ఎప్పుడైనా ఏ దేశంలోనైనా పెద్ద పోటీకి టికెట్ తీసుకునేవాళ్లకు పనికొస్తుందని.

ముందు నా గురించి ఒక మాట. విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో నేను 400 మీటర్లు పరుగెత్తేదాన్ని. మట్టి ట్రాక్, సున్నంతో గీసిన గీతలు, మధ్యాహ్నానికి ఆ గీతలు సగం చెరిగిపోయేవి. ఇప్పుడు లియోన్‌లో ఉద్యోగం. పరుగు మానేసి చాలా ఏళ్లయినా, పరుగు మొదలుపెట్టడానికి పాదాలు ఆనించే బ్లాక్స్ మీద ఎవరైనా వంగితే నా పిక్కలు ఇప్పటికీ బిగుసుకుంటాయి. అందుకే ఇది ఒక పరుగు మనిషి చూపుతో రాసిన సమీక్ష.

ప్రయాణం గురించి చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు. స్టేడియం పారిస్‌కు ఉత్తరాన, సెయింట్ డెనిస్‌లో ఉంది. లియోన్ నుంచి వచ్చే రైలు పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్‌లో దింపుతుంది. అక్కడ పారిస్ లోకల్ రైళ్లయిన ఆర్‌ఈఆర్‌లో డి లైన్ ఎక్కితే మూడో స్టేషనే స్టాద్ ద ఫ్రాన్స్. ఎవరినీ దారి అడగాల్సిన పని లేదు, అందరూ వెళ్లే వైపే నడిస్తే చాలు. రాత్రి పోటీ ముగిశాక మాత్రం తొందరపడకండి. వేల మంది ఒకేసారి స్టేషన్ వైపు కదులుతారు. కాసేపు సీట్లోనే కూర్చుని, ఖాళీ అవుతున్న ట్రాక్‌ను చూసి బయలుదేరడం మేలు. నాకైతే ఆ పావుగంట కూడా ఇష్టమే.

ఇక మొదటి సీటు. టికెట్ కొనేటప్పుడు నేను చేసిన పొరపాటు, టికెట్ తరగతి చూసుకున్నాను గాని సీట్ల పటం చూసుకోలేదు. మెట్లన్నీ ఎక్కి పై అంతస్తులో నా వరుస చేరుకున్నాక కింద చూస్తే, సరిగ్గా 100 మీటర్ల పరుగు మొదలయ్యే చోటికి వెనకాల ఉన్నాను. అంటే ఎనిమిది మందీ నా వైపు వీపు పెట్టి నాకు దూరంగా పరుగెత్తిపోతారు. ముగింపు గీత ఎక్కడో అవతలి కొసన, సన్నటి తెల్ల దారంలా. ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. ఇంత దూరం వచ్చింది వీపులు చూడ్డానికా అనిపించింది.

స్టేడియం మాత్రం కంటికి నిండుగా ఉంది. 1998 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం కట్టిన కట్టడం ఇది. ఆరు హెక్టార్ల పైకప్పు ప్రేక్షకుల మీద పళ్లెంలా పరుచుకుని ఉంటుంది, మైదానం మీద మాత్రం ఆకాశమే. కింది అంతస్తు గ్యాలరీ మొత్తం వెనక్కి జరుగుతుంది. ఫుట్‌బాల్, రగ్బీ ఆడేటప్పుడు మైదానానికి దగ్గరగా ఉంచి, అథ్లెటిక్స్ వచ్చినప్పుడు పదిహేను మీటర్లు వెనక్కి లాగి ట్రాక్‌కు చోటు ఇస్తారు. ట్రాక్ ఉన్న చాలా స్టేడియాల్లో ఫుట్‌బాల్ చూసేవాళ్లు ఆట దూరమైపోయిందని బాధపడతారు. ఇక్కడ ఆ బాధ ఇద్దరికీ లేదు. ఈ ఒక్క ఏర్పాటుకే నేను ఈ స్టేడియానికి మంచి మార్కులు వేస్తాను.

ఆ ట్రాక్ రంగు గురించి చెప్పకపోతే ఎలా? ఇటుక ఎరుపు కాదు, ఊదా. లేత ఊదా, ముదురు ఊదా పక్కపక్కన. ఇటలీకి చెందిన మోండో సంస్థ వేసింది. సముద్రపు గవ్వల పొడి కూడా అందులో కలిపారు. టీవీలో చూస్తే కొంచెం కృత్రిమంగా అనిపించింది గాని, వాన తడిసి దీపాలు పడ్డాక ఆ ఊదా రంగు వంకాయ తొక్కలా నిగనిగలాడింది. ఆ సాయంత్రం వాన పడుతూనే ఉంది.

ఫైనల్‌కు ముందే ఆ సాయంత్రం చాలా ఇచ్చింది. ట్రిపుల్ జంప్‌లో డొమినికాకు చెందిన థియా లాఫాండ్ 15.02 మీటర్లు దూకి, ఆ దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ పతకం, అదీ స్వర్ణం, తెచ్చింది. ఆడా మగా కలిసి వంతులవారీగా పరుగెత్తే మిక్స్‌డ్ రిలేలో నెదర్లాండ్స్ అమ్మాయి ఫెమ్కె బోల్ చివరి వంతులో వెనక నుంచి వచ్చి ఒక్కొక్కరినీ దాటుకుంటూ పోతుంటే, నా పక్కన కూర్చున్న పెద్దాయన తన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో దాన్ని నలిపేశాడు. 100 మీటర్ల సెమీఫైనల్లో షెల్లీ ఆన్ ఫ్రేజర్ ప్రైస్ పోటీలోకి దిగలేదు. 2008లోనూ 2012లోనూ ఈ పరుగు గెలిచిన మనిషి. ఆమె లేన్ ఖాళీగా కనిపించినప్పుడు మా గ్యాలరీలో ఒక గుసగుస అలలా పాకింది. ఆమెను ఒక్కసారి కళ్లారా చూడాలన్నది నా చిరకాల కోరిక. అది తీరలేదు.

సెమీస్‌లో సెయింట్ లూసియాకు చెందిన జూలియన్ ఆల్ఫ్రెడ్ 10.84 సెకన్లలో వచ్చి, అప్పటి ప్రపంచ చాంపియన్, అమెరికాకు చెందిన షకారీ రిచర్డ్‌సన్‌ను వెనక్కి నెట్టింది. రిచర్డ్‌సన్ 10.89. నా చుట్టూ ఉన్న చాలామంది చేతుల్లో అమెరికా జెండాలే. సెయింట్ లూసియా జనాభా రెండు లక్షలు కూడా ఉండదు, ఆ జెండా నాకు మా గ్యాలరీలో ఎక్కడా కనిపించలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఫైనల్‌కు ముందు దీపాలు తగ్గించి, ఒక్కొక్కరి పేరు పిలిచి పరిచయం చేశారు. హోరు. ఆ తర్వాత ఎనిమిది మందీ బ్లాక్స్ దగ్గరికి వచ్చారు. ఇక్కడే నా సీటు విలువ నాకు తెలిసింది. టీవీలో ఈ ఘట్టం ముందు నుంచి చూపిస్తారు. ముఖాలు, కళ్లు, గోళ్ల రంగులు. వెనక నుంచి చూస్తే కనిపించేవి వేరు: మడమలు, పిక్కలు, నడుము. ఒకామె బ్లాక్ మీద కాలు పెట్టి, తీసి, అరికాలు తుడుచుకుని మళ్లీ పెట్టింది, వాన నీటి వల్ల కావచ్చు. ఇంకొకామె రెండు తొడల మీదా అరచేతులతో ఫట్‌ఫట్‌మని చరుచుకుంది. ప్రతి బ్లాక్ వెనకా ఒక చిన్న స్పీకర్ ఉంది. దాని పని తెలిసినవాళ్లకు ఆ పెట్టె ఎంత గొప్పదో తెలుస్తుంది. ఇప్పుడు పరుగు మొదలుపెట్టించే స్టార్టర్ చేతిలో ఉన్నది నిజమైన తుపాకీ కాదు, ఎలక్ట్రానిక్ పరికరం. దాని మోత ప్రతి లేన్‌లోనూ ఈ స్పీకర్ లోంచి ఒకేసారి వినిపిస్తుంది. పాత పద్ధతిలో స్టార్టర్ ఒక పక్కన నిలబడి పేలిస్తే, లేన్ ఒక్కింటికి 1.22 మీటర్ల వెడల్పు, ఆ చివరి లేన్‌లో ఉన్నవాళ్లకు శబ్దం సెకనులో రెండు మూడు వందో వంతులు ఆలస్యంగా చేరేది. అంతమాత్రానికే ఏమవుతుందని అనుకోకండి. ఆ రాత్రి నాలుగో స్థానంలో ఆగిపోయిన బ్రిటన్ అమ్మాయి డారిల్ నీటాకూ కాంస్యానికీ మధ్య తేడా నాలుగు వందో వంతులే.

స్టార్టర్ పిలుపు వినిపించింది. అంతే, డెబ్బై వేలకు చేరువలో ఉన్న జనం నోరు మూసుకున్నారు. తగ్గడం కాదు, పూర్తిగా ఆగిపోవడం. గుడిలో కూడా నేను అలాంటి నిశ్శబ్దం వినలేదు. పైకప్పు అంచు నుంచి జారే నీళ్ల చప్పుడు వినిపించింది. నా పక్కన పెద్దాయన ఊపిరి వినిపించింది. ఎనిమిది నడుములు ఒక్కసారిగా పైకి లేచాయి. అక్కడ ఒక రెండు సెకన్లు ఉంటాయి, పరుగెత్తినవాళ్లకు తెలుసు, లోకంలో ఇంకేమీ ఉండదు. ఆ రెండు సెకన్లు మళ్లీ నా ఒంట్లోకి వచ్చాయి. ముగింపు గీత దగ్గర కూర్చున్నవాళ్లకు ఈ క్షణం వంద మీటర్ల దూరంలో జరుగుతుంది. నాకు కాళ్ల కింద జరిగింది.

తర్వాత పదకొండు సెకన్ల లోపే అంతా. వీపులు చూసి ఎవరు గెలిచారో చెప్పలేమని భయపడ్డాను గాని, ఆ రోజు ఆ అవసరం రాలేదు. ఆల్ఫ్రెడ్ మొదటి అడుగుల్లోనే విడిపోయింది, ఆ తర్వాత ఎవరూ ఆమె దరికి రాలేదు. 10.72. రిచర్డ్‌సన్ ఆరంభంలోనే వెనకబడింది, చివరికి పుంజుకుని 10.87తో రజతం అందుకుంది. మెలిస్సా జెఫర్సన్ 10.92తో కాంస్యం. మొదటి ఇద్దరి మధ్య 0.15 సెకన్లంటే ఆ వేగంలో దాదాపు ఒకటిన్నర మీటర్లు, వెనక నుంచి చూసినా స్పష్టంగా కనిపించే దూరం. మరుసటి రాత్రి మగవాళ్ల ఫైనల్లో నోవా లైల్స్ గెలిచింది 0.005 సెకన్ల తేడాతో. నా సీటు నుంచి దాన్ని దేవుడు కూడా తేల్చలేడు.

కానీ ఆ సీటు నాకు మరొకటి చూపించింది. ఐవరీ కోస్ట్ అమ్మాయి మేరీ జోసీ టా లూ స్మిత్ కొంత దూరం పోయాక కాలు పట్టేసి వేగం కోల్పోయింది. అందరి కళ్లూ ముందుకు పోయిన ఏడుగురి మీద, కెమెరాలు కూడా అటే. వెనక కూర్చున్న మాకు మాత్రం మధ్యలో ఒంటరిగా మిగిలిన ఆమె కనిపించింది. ఆగిపోలేదు. అలాగే వెళ్లి గీత దాటింది. 13.84. ఆల్ఫ్రెడ్ గుండెల మీది పేరు చీటీ చింపి పైకెత్తి అరుస్తున్నప్పుడు స్టేడియం మొత్తం లేచి నిలబడింది. నేనూ లేచాను, కాని నా కళ్లు ఇంకా ఈమె వెంటే ఉన్నాయి.

ఒకే సాయంత్రం రెండు చిన్న కరీబియన్ దీవులు తమ మొదటి ఒలింపిక్ పతకాలు, రెండూ స్వర్ణాలే, రెండూ ఆడవాళ్ల చేతుల మీదుగా అందుకున్నాయి. సరిగ్గా వందేళ్ల కిందట, 1924లో ఇదే పారిస్‌లో ఒలింపిక్స్ జరిగినప్పుడు అథ్లెటిక్స్‌లో ఆడవాళ్లకు ఒక్క పోటీ కూడా లేదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లోనే తొలిసారి 100 మీటర్లు పెట్టారు. ఈసారి పారిస్‌లో ట్రాక్ పక్కన ఒక పెద్ద గంట ఉంచారు, గెలిచినవాళ్లు వెళ్లి మోగించాలి. తర్వాత ఆ గంట నోత్రదామ్ చర్చికి చేరింది. ఆ రాత్రి ఆ గంట మోగినప్పుడు నాకు ఈ వందేళ్లే గుర్తొచ్చాయి.

ఇంటికి వచ్చాక అదే పరుగు టీవీ రికార్డింగ్‌లో చూశాను. అంతా బాగా కనిపించింది, నిశ్శబ్దం తప్ప. దాని మీద వ్యాఖ్యాత మాట్లాడుతూనే ఉన్నాడు.

సెప్టెంబరులో వెళ్లినప్పుడు నాతో మా అమ్మ ఉంది. హనుమకొండ నుంచి రెండు నెలలకని వచ్చింది. పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి పారిస్‌లో పరుగెత్తుతోందని తెలిసినప్పటి నుంచి అమ్మకు వేరే ఊసు లేదు. ఈసారి నేను పటం ముందేసుకుని, తరగతి సంగతి తర్వాత చూసుకున్నాను. పారాలింపిక్స్ టికెట్లు పదిహేను యూరోల నుంచే ఉన్నాయి కాబట్టి ఎంచుకునే వెసులుబాటు కూడా దొరికింది. కింది అంతస్తులో, రెండో వంపు ముగిసి నేరుగా ఉండే ట్రాక్‌లో కలిసే చోట, అంటే దాదాపు 300 మీటర్లు పూర్తయ్యే దగ్గర రెండు సీట్లు తీసుకున్నాను. అమ్మ మోకాళ్లకు మెట్ల బాధా తప్పింది.

"ముగింపు అటు పక్కన కదా, ఇక్కడెందుకు కూర్చోబెట్టావు?" అని అమ్మ అడిగింది.

"400 మీటర్లు ఇక్కడే తేలుతుందమ్మా, చూస్తూ ఉండు" అన్నాను.

అదే ఏడాది మే నెలలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో దీప్తి 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు సాధించి స్వర్ణం గెలిచింది. పారిస్ హీట్స్‌లో, అంటే ఫైనల్‌కు ముందు జరిగే తొలి పరుగుల్లో, తుర్కియే అమ్మాయి ఐసెల్ ఓండర్ 54.96తో ఆ రికార్డును తీసేసుకుంది. అంటే ఫైనల్ రోజున దీప్తి తన పాత రికార్డు చేజారిన మరునాడే లేన్‌లో నిలబడింది. కూలి పని చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ. చిన్నప్పుడు ఊళ్లో తనను ఎన్నెన్ని మాటలన్నారో పేపర్లలో చదివినప్పుడు అమ్మ ఆ పేజీ మడిచి పక్కన పెట్టేసింది, మిగతా వార్త చదవలేదు.

400 మీటర్లలో మొదట ఎవరు ముందున్నారో చూసి ప్రయోజనం లేదు. వంపుల లెక్క సరిచేయడానికి బయటి లేన్ వాళ్లను ముందుగా నిలబెడతారు కాబట్టి కళ్లు మోసపోతాయి. రెండో వంపు చివరికి వచ్చేసరికి ఆ తేడాలన్నీ కరిగిపోయి, ఎవరు నిజంగా ఎక్కడున్నారో బయటపడుతుంది. అంతకన్నా పెద్ద సంగతి, ఒళ్లు మాట వినడం మానేసేది కూడా అక్కడే. కాళ్లలో సీసం పోసినట్టవుతుంది. మోకాలు లేవదు. భుజాలు చెవుల దాకా ఎక్కుతాయి, మెడ నరాలు తాళ్లలా తేలుతాయి. టీవీ దగ్గరి నుంచి చూపించేది చివరి ఇరవై మీటర్లు. యుద్ధం మొదలయ్యేది మాత్రం ఈ వంపులో.

వాళ్లు మా ముందుకు వచ్చారు. దీప్తి ముఖం నాకు స్పష్టంగా కనిపించిన కాలం సెకనున్నర ఉంటుందేమో. ఆ సెకనున్నరలో నేను చూసింది ఆమె చేతులు. అందరి చేతులూ అడ్డంగా ఊగడం మొదలుపెట్టిన చోట, ఆమె మోచేతులు ఇంకా వెనక్కి నేరుగా పోతున్నాయి. అలసిపోయినప్పుడు చేతులను అలా నిలబెట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. వాళ్లు మమ్మల్ని దాటి పోయాక మళ్లీ వీపులే మిగిలాయి. ముగింపు దగ్గర ఏమైందో పెద్ద తెర చెప్పింది: ఉక్రెయిన్‌కు చెందిన యూలియా షూలియార్ 55.16, ఓండర్ 55.23, దీప్తి 55.82. కాంస్యం. మేధో వైకల్య విభాగంలో పారాలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయురాలు. అమ్మ తెర వైపు చూడనే లేదు. దీప్తి పోయిన వైపే చూస్తూ చప్పట్లు కొడుతూనే ఉంది, పక్కన కూర్చున్న ఫ్రెంచి పిల్లలు ఆమెను చూసి వాళ్లూ కొట్టారు.

ఇక నా తీర్పు. మహిళల 100 మీటర్లకు వెళ్తే, పరుగు మొదలయ్యే కొసకు వీలైనంత దగ్గరగా, కాస్త ఎత్తులో కూర్చోండి. ఫలితం తెర చెబుతుంది, మర్నాడు పేపర్ చెబుతుంది. ఆ నిశ్శబ్దం ఎవరూ చెప్పలేరు. 400 మీటర్లకు రెండో వంపు చివర, వీలైతే కింది వరుసల్లో. 200 మీటర్లకు కూడా నేనైతే వంపు చివరే తీసుకుంటాను, ఈసారి ఆ అవకాశం రాలేదు. ముగింపు గీత ఎదురుగా ఉండే ఖరీదైన సీట్లు హర్డిల్స్‌కూ, ఒక రోజంతా రకరకాల పోటీలు చూడాలనుకునేవాళ్లకూ సరిపోతాయి. స్టేడియానికి నా లెక్కన ఐదుకు నాలుగున్నర. తగ్గించిన అర మార్కు పై అంతస్తు మెట్ల కోసం. అమ్మను అక్కడికి తీసుకెళ్లి ఉంటే ఆమె ఎక్కగలిగేది కాదు.

తిరుగు రైల్లో చాలాసేపు అమ్మ ఏమీ మాట్లాడలేదు. నా విశ్వవిద్యాలయం పోటీలకు ఆమె ఒకే ఒక్కసారి వచ్చింది. ఎండ ఎక్కువగా ఉందని అతిథుల కోసం వేసిన షామియానా కింద, ముగింపు దగ్గర కూర్చోబెట్టారు. నేను ఐదోదాన్నిగా వచ్చాను. ఆమె చూసింది ఆ ఐదో స్థానమే.

గార్ దు నోర్ స్టేషన్ దాటాక నా వైపు తిరిగి, "నువ్వు ఆరోజు ఆ వంపులోనే ఆగిపోయావా?" అని అడిగింది.

"ఆగలేదమ్మా, అక్కడే కాలు పట్టేసింది" అన్నాను.

అమ్మ నా పిక్క మీద చెయ్యి వేసి, స్టేషన్ వచ్చేదాకా తీయలేదు.